మా వంటింటి కిటికీ మీద పేటెంటు తగాదా

తనంతట తానే శుభ్రపడే అద్దం నేను పనిచేసే కంపెనీది. గాజు మీద టైటానియం ఆక్సైడ్ స్ఫటికాల పలచని పూత. అందులో రవ్వంత నైట్రోజన్ కలిపితే మామూలు వెలుతురుకే మురికి విరిగిపోతుంది, మిగతాది వాన కడిగేస్తుంది. ల్యాబులో బాగానే ఉంది కానీ అసలు మసిలో చూడాలన్నారు సార్లు. సూరత్‌లో మసికి కరువా? బమ్రోలిలో మా ఇంటి వెనకే మిల్లు పొగగొట్టాలు. మా వంటింటి కిటికీకే పూత అద్దం ఒకటి, మామూలుది ఒకటి పక్కపక్కన బిగించారు.

మరమగ్గాల సాంచాలు నడిపి నడిపి చెవులు సగం పోగొట్టుకున్న మా నాన్న సంబరం మొదటి వాన తర్వాత చూడాలి! మా తెలంగాణ వాళ్ల వాడకట్టులో కనపడ్డవాళ్లనల్లా పిలిచేవాడు. "జర లోపలికి రా తమ్మీ, మా బిడ్డ చేసిన అద్దం సూద్దువు గని" అని చాయ్ పోయించి మరీ చూపించేవాడు. చేసింది నేనొక్కదాన్నే కాదంటే వినేవాడా!

తర్వాత కంపెనీ పేటెంటుకు పెట్టుకుంది. పోటీ కంపెనీ అడ్డం పడింది. దరఖాస్తుకు ముందే నలుగురి మధ్యా వాడిన అద్దం కొత్తదెలా అవుతుందని వాళ్ల వాదన. అది గుట్టుగా జరిగిన పరీక్షేనని మా నాన్న అఫిడవిట్ ఇవ్వాలన్నాడు మా వకీలు. ఇవ్వకపోతే నా ఉద్యోగం ఉండదన్నారు సార్లు. ఆంబోతుల కొట్లాటలో లేగల కాళ్లు విరిగినట్లయింది మా పని.

కాగితం నాన్నకు గట్టిగా చదివి వినిపించాను. మా ఇంటికి బయటివాళ్లెవరూ రారని ఉంది అందులో.

"ఎవ్వరు రానిది ఇల్లెట్లయితది బిడ్డా?" అన్నాడు. నా ముఖం చూసి సంతకం పెట్టాడు. ఆ సార్లను నేను ఇప్పటికీ క్షమించలేదు.

పోటీ కంపెనీ మనిషి ఆ కాగితం నకలు పట్టుకుని వాడకట్టంతా తిరిగాడు. మీరు ఆ ఇంటికి పోయారా లేదా అని గడపగడపకూ అడిగాడు. రోజూ మా చాయ్ తాగే పక్కింటాయన వాకిట్లోనే ఆగిపోయాడు.

"ఏందన్నా, గిట్ల రాసిచ్చినవ్? మేం మనుషులం కామా?"

నాన్న తల దించుకున్నాడు. ఆయన్ని అబద్ధాలకోరును చేయడం ఇష్టంలేక ఎవరూ సాక్ష్యానికి పోలేదు. మా గడప తొక్కడం మాత్రం మానేశారు.

చివరికి రెండు కంపెనీలూ రాజీపడి అద్దాలు కలిసి అమ్ముకుంటున్నాయి. సార్లు ఘారీ మిఠాయి పంపారు. వాడకట్టులో పంచబోయిన అమ్మ డబ్బా డబ్బాగానే తిరిగి తెచ్చింది. నా కోసం నువ్వు అబద్ధమాడాల్సి వచ్చిందని నాన్నతో అన్నాను.

"అబద్దమేంది బిడ్డా? గిప్పుడు ఎవ్వరొస్తున్నరు? జర ముందుగాల చెప్పిన, గంతే."