మా బావకు దగ్గడం రాదు

ఇందుమూలముగా మార్కాపురం పురజనులకు తెలియజేయునది ఏమనగా, పలకల గనిలో పనిచేసే మా అక్క మొగుడికి దగ్గడం రాదు.

ఆస్పత్రిలో చేర్చి ఎక్స్‌రే తీయించాం. ఊపిరితిత్తుల్లో మచ్చలున్నాయి, అవి పలక దుమ్మువో టీబీవో కళ్లె పరీక్ష చేస్తేగానీ తెలియదంది డాక్టరమ్మ. వార్డు అదిరేలా దగ్గే మనిషి, కళ్లె పట్టమని డబ్బా చేతికిస్తే మాత్రం ఉత్త ఉమ్మి పోసిచ్చాడు. మళ్లీ ఇచ్చినా అంతే.

"ఏంది బావా, దగ్గు ఇంట్లో మర్చిపోయినావా?"

"దుమ్మేలే బామ్మర్దీ. టీబీ అని తేలితే మన బజార్లో నాకు టీ గ్లాసు ఎవడిస్తాడు?"

నాకు ఒళ్లు మండింది. వార్డంతా వినేలా అన్నాను.

"నాకు రాలేదా టీబీ? మందులు మింగినా, పోయింది. ఇప్పుడు నాకు గ్లాసు ఇయ్యనన్న మొగోడు ఎవడుండాడో చూపీ."

పక్క మంచం దగ్గరున్న పెద్దాయన కుర్చీ దూరంగా జరుపుకున్నాడు. నేను నా కుర్చీ ఆయన వైపు అంతే జరుపుకున్నాను. బావ నవ్వాడు. డబ్బా తీసుకుని ఆరుబయటికి పోయి, గుండెల్లోంచి దగ్గి మరీ కళ్లె తెచ్చిచ్చాడు.

రిపోర్టు రేపు. ఏదొచ్చినా మా ఇంట్లో ఆయనకు వేరే గ్లాసు పెట్టేది లేదు. నాతో టీ తాగనివాళ్లు ఈ పోస్టు కింద రాయండి, మీ ఇంటికే వచ్చి తాగుతాను.

అన్నట్టు, నాకు టీబీ వచ్చిందన్నది పచ్చి అబద్ధం. బావది బటన్ ఫోను, ఇది చూడలేడు, మీరు చెప్పకుంటే చాలు.