బావ చేతి బోడకాకర

మా బావ పోయాడు. నాలుగు రోజుల కింద తెల్లవారగానే అక్క ఫోన్ చేసి, "మీ బావ లేస్తలేడురా" అంది. అంతే అంది. నేను చెప్పులేసుకుని వెళ్లాను. మా ఇంటికీ వాళ్లింటికీ నడుమ రెండు గల్లీలు. పెద్ద వయసు, నిద్రలోనే పోయాడు. నాకు రాయడం అంతగా రాదు. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఆయన గురించి ఎవరో ఒకరు రాయాలి కదా అని రాస్తున్నాను.

ఎనభైల నడుమ బావ దుబాయి పని వదిలి ఆర్మూరుకు వచ్చేశాడు. అప్పటికే అక్కకు దమ్ము. కట్టెల పొయ్యి ముందు కాసేపు కూర్చుంటే చాలు, ఊపిరి అందేది కాదు. నిజామాబాద్‌లో డాక్టరు పొగకు దూరంగా ఉండమన్నాడు. బావ ఇంకో మాట లేకుండా పొయ్యి ముందు కూర్చున్నాడు. దుబాయిలో ఒకే గదిలో ఎనిమిది మంది ఉండేవాళ్లట, వంతులేసుకుని వండుకునేవాళ్లట.

మగవాడు వండితే ఆ రోజుల్లో గల్లీ అంతా నవ్వేది. అక్కకు అది తల తీసేసినట్టు ఉండేది. బావ వండుతున్నంత సేపూ వీధి తలుపు మూసి ఉంచేది. కూర దిగాక తన కొంగుకు కాస్త మసి రాసుకుని, గిన్నెలో కూర తీసుకుని పక్కింటికి తానే ఇచ్చి వచ్చేది. కూరలు ఇచ్చిపుచ్చుకోవడం మా దగ్గర మామూలే. పక్కింటి పెద్దవ్వ తిని, "నీ చెయ్యి బంగారమే పిల్లా" అనేది. అక్క నవ్వి ఊరుకునేది. సంగతి తెలిసింది నాకొక్కడికే. మార్కెట్ యార్డులో నాది పసుపు తూకం పని. మధ్యాహ్నం అన్నానికి అక్క ఇంటికే పోయేవాణ్ని.

బావ కూరగాయల బజారుకు పోతే ముందు ఏమీ కొనేవాడు కాదు. ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి నడిచి చూసేవాడు. ఏది కుప్పలుగా వచ్చిందో అదే ఆ వారం కూర. ఎండలు మొదలైతే చింతచిగురు, ముదిరితే గంగవాయిలి కూర పప్పు, వానలు పడితే బీరకాయ. బీరకాయలో చుక్క నీళ్లు పోసేవాడు కాదు. "దాని నీళ్లు అదే ఇడుస్తది, జర ఆగాలె" అనేవాడు. పసుపు చిటికెడే వేసేవాడు. ఇంకొంచెం వెయ్యమంటే, "యార్డుల కుప్పలున్నయని కూరల గుమ్మరిస్తమా బామ్మర్దీ?" అనేవాడు.

ఒక వానాకాలం పెద్దవ్వ ఇంటికి నవీపేట నుంచి కొత్త వియ్యాలవారు మొదటిసారి భోజనానికి వస్తున్నారు. పొద్దున్నే వచ్చి, నేను అక్కడ ఉండగానే అక్క చెయ్యి పట్టుకుంది.

"సిరికొండ దిక్కు నుంచి గంపెడు బోడకాకర తెప్పించిన పిల్లా. నువ్వే ఒండాలె. నీ కూర తింటె వాళ్లు మా ఇల్లు మర్వొద్దు."

అక్క కాదనలేకపోయింది. అన్నాళ్లూ తానే వండినట్టు కూర ఇచ్చి వచ్చింది మరి. నా వైపు చూసింది. ఏదైనా చెప్పు అన్నట్టు చూసింది. నేను నేల చూశాను.

"వస్త పెద్దవ్వా" అని అక్క లేచి ఆమె వెంట వెళ్లింది.

బావ లోపల నుంచి అంతా విన్నాడు. చేతులు కడుక్కుని బయటికి వచ్చాడు.

"నడువు బామ్మర్దీ."

"యాడికి?"

"కూరొండ."

"ఆడ అందరు ఆడోళ్లే ఉంటరు బావా."

"ఉండని. మీ అక్క గూడ ఆన్నే ఉన్నది."

వానకు కట్టెలు తడిశాయి. పెద్దవ్వ పెరడంతా పొగ. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది, గరిటె మాత్రం వదల్లేదు. బావ ఆ గరిటె తీసుకున్నాడు. "నువ్వు జర గాలికి కూసో" అన్నాడు.

"ఏందయ్యా, ఆడోళ్ల నడుమకొచ్చినవ్?" అంది పెద్దవ్వ.

"పెద్దవ్వా, గిన్ని రోజులు నువ్వు మెచ్చుకున్న కూర నేనొండిందే. గీమెకు పొగ పడది."

అందరూ చేతుల్లో పని ఆపారు. ఒకామె కిసుక్కున నవ్వి, "దుబాయిల నౌకరంటే గిదేనా?" అంది.

"గది గూడ. ఎనిమిది మందికి ఒండిన. ఒక్కడు సావలే."

పెద్దవ్వ నవ్వలేదు. అక్క దగ్గరికి పోయి నిలబడింది. "నాకెందుకు చెప్పలేదే పిల్లా?"

"సిగ్గయింది పెద్దవ్వా."

"దమ్మాగినంక గా సిగ్గునేం జేస్కుంటవే?" అని వీపు నిమిరింది. తర్వాత నన్ను చూసింది. "నువ్వేందిరా గోడకతికినవ్? కూసొని కాయలు కొయ్యి."

తల ఎత్తకుండా గంపెడు కాయలు కోశాను. ముదురు గింజలు తీసేయాలని, లేతవి ఉంచాలని బావ ఆ రోజే చూపించాడు. వియ్యాలవారు మళ్లీ మళ్లీ వేయించుకుని తిన్నారు. వండింది ఎవరో పెద్దవ్వే గట్టిగా చెప్పింది.

గల్లీలో కొన్నాళ్లు నవ్వారు. "ఏం వదినా, ఇయ్యాల మీ ఆయన ఏం ఒండిండు?" అని అడిగేవాళ్లు. "ఏదైతేంది, నీకైతే లేదు తియ్యి" అనేది అక్క. తొంభైల్లో గ్యాసు వచ్చింది. పొగ పోయినా బావ పొయ్యిని అక్కకు తిరిగి ఇవ్వలేదు. ఆ పొద్దున నేను తల వంచుకున్న సంగతి ఆయన చూశాడో లేదో తెలియదు. ఆ మాట ఒక్కసారీ ఎత్తలేదు. అడిగినప్పుడల్లా వంట మాత్రం నేర్పాడు.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. మూడు రోజులూ చుట్టాలు తెచ్చిన అన్నమే. అక్క దేన్నీ ముట్టలేదు. నిన్న మా ఇంట్లో నేను చిక్కుడుకాయ వండాను. గిన్నె కడుతుంటే మా ఇంటామె, "ఇటియ్యి, నేను తీస్కపోత. గల్లీల మంది చూస్తరు" అంది. నేనే పట్టుకుపోయాను. దారిలో ఒకాయన ఏం కూర, ఎవరొండారు అని అడిగాడు.

"చిక్కుడుకాయ. నేనే ఒండిన" అన్నాను. నాకు తెలిసి గట్టిగానే అన్నాను.

అక్క ముందు కంచం పెట్టాను. చాలాసేపు చూసి ఒక ముద్ద కలిపింది. నేను నార సరిగా తీయలేదు. పంటికి తగిలిన నారను వేలితో తీసి కంచం అంచున పెట్టింది. ఇంకో ముద్ద కలుపుకుంది.