గీతలు పడని చోటు

ఆంజనేయప్రసాద్ గారికి చెడ్డ అలవాట్లు ఏమీ లేవు, ఉన్నదల్లా ఒక్కటే పిచ్చి. ఎక్కడ పనుంటే అక్కడ కారు ఆపరు. మందుల కోసం వెళితే డోనట్ల షాపు ముందు ఆపుతారు. డోనట్ల కోసం వెళితే, వాక్యూమ్ క్లీనర్లు బాగుచేసే ముసలాయన షాపు ముందు ఆపుతారు. ఎందుకండీ అంటే ఒకటే జవాబు, "అక్కడైతే గీతలు పడతాయి."

గీతలు పడకుండా ఆయన కాపాడుకునే ఆ కారు సంగతి ట్రాయ్‌లో తెలుగువాళ్ళందరికీ తెలుసు. కొన్నప్పుడు దాని రంగేమిటో ఆయన భార్య జ్ఞానప్రసూన గారికే గుర్తులేదు. మిషిగన్ చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు దాని తలుపుల అంచుల్ని శుభ్రంగా తినేసింది. వెనక బంపర్ టేపు దయవల్ల నిలబడి ఉంది.

పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే కౌశిక్ ఒకసారి జనవరిలో ఆయనతో సరుకులకి వెళ్ళాడు. కొత్తగా ఉద్యోగానికి వచ్చిన కుర్రాడు, కారు లేదు. బియ్యం బస్తా భుజానికెత్తుకుని మంచులో షాపుల వరస ఆ చివరినుంచి ఈ చివరికి వచ్చేసరికి మనిషి సగమయ్యాడు.

"అంకుల్, ఇండియన్ స్టోర్ ముందే స్పాట్ ఉంది కదా."

"ఉంది నాన్నా. పక్క కార్ల తలుపులు తగిలి డింగ్స్ ఎక్కువ పడతాయి అక్కడ."

"ఈ కార్‌కి కొత్తగా డింగ్ పడితే మనం గుర్తుపడతామా అంకుల్?"

"నడువు, చెమట పడితే ఆరోగ్యం," అన్నారాయన. చలి సున్నా కింద ఉంది.

ఈ కథ విని ఊరంతా నవ్వింది. సుమతికి మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే 2009 వేసవి నుంచి ఆ కారు ప్రతి శనివారం సరిగ్గా ఆమె షాపు గుమ్మం ముందే తిష్ఠ వేసేది.

అది పాత స్ట్రిప్ మాల్. ఒకే కప్పు కింద వరసగా షాపులు, వాటి ముందు పార్కింగ్. వరస నేరుగా సాగి చివర్లో మోచెయ్యిలా వంగుతుంది. ఇండియన్ స్టోర్ రోడ్డు వైపు దర్జాగా కనిపిస్తుంది. సుమతి బ్లౌజులు కుట్టే, ప్యాంట్లు సరిచేసే చిన్న షాపు ఆ వంపులో, ఎవరి కంటా పడని మూల. అద్దె తక్కువని తీసుకుంది. ఆ వసంతంలోనే ఆమె భర్త రఘువీర్ ఉద్యోగం లే-ఆఫ్‌లో పోయింది. ఇల్లు నడుస్తున్నది ఆ కుట్టుమిషన్ మీదే. డిసెంబర్‌లో లీజు అయిపోతుంది. దసరా, దీపావళి బ్లౌజుల సీజన్ బాగుంటే రెన్యూ చేయాలి, లేకపోతే తాళం వేయాలి.

అలాంటి సమయంలో ఉన్న ఒక్క మంచి స్పాట్‌లో ఈ డొక్కు కారు. పైగా దాని పక్కనే ఆయన స్నేహితుడు వీరభద్రరావు గారి వ్యాన్. ఇద్దరూ దిగి, ఆమె షాపు వంకైనా చూడకుండా కబుర్లు చెప్పుకుంటూ ఆ చివరకి నడిచిపోయేవాళ్ళు. సెప్టెంబర్‌లో ఒక శనివారం సుమతి మెడలో కొలతల టేపుతోనే బయటికి వచ్చింది.

"ప్రసాద్ గారూ, మీ షాపింగ్ అక్కడ, మీ పార్కింగ్ ఇక్కడ. ఏమిటండీ ఇది?"

"గీతలు పడతాయమ్మా."

"ఇంకో గీత పడటానికి మీ కారు మీద చోటెక్కడుందండీ? నా కస్టమర్లు ఎక్కడ పెట్టుకోవాలి?"

ఆయన ఏదో చెప్పబోయి ఆగిపోయారు. "నిజమేనమ్మా. తీసేస్తాను," అని కారు తీసేశారు, వెనకే వ్యానూ కదిలింది. సుమతి ఆ సాయంత్రమే అద్దానికి 'కస్టమర్లకు మాత్రమే' అని కాగితం అంటించింది. గెలిచాననుకుంది, పాపం.

స్పాట్‌లన్నీ ఖాళీ అయ్యాయి, ఖాళీగానే ఉండిపోయాయి. దసరా వెళ్ళింది. దీపావళి దగ్గరికొచ్చింది. సుమతి మిషన్ ముందు కూర్చుని ఆ ఖాళీ స్థలం వైపు చూస్తూ ఉండేది. ఒకరోజు పాత కస్టమర్ నమ్రత ఫోన్ చేసింది.

"అక్కా, షాప్ క్లోజ్ చేసేశావా? లాస్ట్ వీక్ వచ్చా. ఒక్క కారు కూడా లేదు, టర్న్ తీసుకుని వెళ్ళిపోయా. బ్లౌజులు వేరేచోట ఇచ్చేశా, సారీ అక్కా."

ఫోన్ పెట్టేసి సుమతి బయట ఖాళీ స్పాట్‌ల వైపు, అద్దం మీది కాగితం వైపు చూసింది. మర్నాడు ఇండియన్ స్టోర్‌లో కొత్తిమీర దగ్గర జ్ఞానప్రసూన గారు కనబడితే ఉండబట్టలేక అడిగేసింది. "పిన్నిగారూ, బాబాయిగారు నా షాపు ముందు ఎందుకు ఆపేవారు?"

ఆవిడ కొత్తిమీర కట్ట కింద పెట్టేశారు.

"నీ షాపు ఉన్నచోటే నాకు బ్యూటీ పార్లర్ ఉండేదమ్మా, ఆరేళ్ళ కిందట. వచ్చేవాళ్ళకి చోటు ఉండాలని మా కారు దూరంగా పెట్టించాను. స్నేహితుల్ని కూడా ఎవ్వర్నీ ముందు ఆపనివ్వలేదు. మర్యాద కదా. ఆ ఖాళీ చూసి, మూసేశారనుకుని అందరూ వెళ్ళిపోయారు. ఏడాది తిరక్కుండానే తాళం వేశాం. అప్పట్నుంచీ ఈయన ఏ షాపు ముందు ఖాళీ కనబడినా అక్కడ కారు పెట్టకుండా ఉండలేరు."

"మరి నేను తిట్టినప్పుడు ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"చెప్తే, నీ షాపు ఖాళీగా ఉందమ్మా అని నీ మొహం మీద అన్నట్టు కాదూ? ఆయన చస్తే అనరు."

సుమతి పరుగున వెళ్ళి ఆ కాగితం చింపేసింది. ఆ శనివారం ఆయన కారూ వ్యానూ వచ్చాయి, కౌశిక్ కొత్తగా కొన్న కారుతో సహా. ఆయన ఒక ప్యాంటు కూడా తెచ్చారు. "ఇప్పుడు కస్టమర్నేనమ్మా, పెట్టుకోవచ్చా?" అన్నారు. సుమతి తల దించుకుని కొలతలు తీసుకుంది. ఆ వారం నలుగురు కొత్తవాళ్ళు కూడా వచ్చారు. కానీ సీజన్ అప్పటికే దాటిపోయింది. డిసెంబర్‌లో తాళం వేయక తప్పలేదు. సీజన్‌లో ఆ నాలుగు శనివారాలూ ఆ కారు అక్కడే ఉండి ఉంటే ఏమయ్యేదో అని సుమతి ఇప్పటికీ అనుకుంటుంది.

మిషన్‌ని ఇంటి బేస్‌మెంట్‌లోకి దించి, అక్కడే కుట్టడం మొదలుపెట్టింది. జనవరిలో మొదటి శనివారం, మంచు కురుస్తోంది. కిటికీలోంచి చూస్తే ఇంటి ముందు రోడ్డు పక్కన ఆ డొక్కు కారు, దాని వెనకే వ్యాన్. చేతిలో సంచీతో ప్రసాద్ గారు అప్పుడే మైలు దూరంలో ఉన్న ఇండియన్ స్టోర్ వైపు నడక మొదలుపెట్టారు. సుమతి తలుపు తీసుకుని వసారాలోకి వచ్చింది.

"బాబాయిగారూ, స్టోర్ ముందు ఆపొచ్చుగా?"

ఆయన వెనక్కి తిరిగి, కొంచెం సిగ్గుపడి, టోపీ సర్దుకున్నారు.

"అక్కడ గీతలు పడతాయమ్మా."

సుమతి ఆ కారు వైపు, తుప్పు వైపు, టేపు వైపు చూసింది.

"అవునండీ, పడతాయి," అంది. "వచ్చేటప్పుడు లోపలికి రండి, టీ పెడతాను."