మంగ చేతి బోణీ

అలివేలుమంగ ఏ కొత్త ప్రోగ్రాము మొదలుపెట్టినా ముహూర్తం చూసుకుంటుంది. భీమవరం పక్క పల్లెలో పుట్టి, దమ్మామ్‌లో ఒక లేబర్ క్యాంపు ఆఫీసులో ఏళ్ల తరబడి జావా రాస్తున్నా ఆ అలవాటు పోలేదు. తలస్నానం చేసి, ఫోన్లో వెంకన్నకు దణ్ణం పెట్టుకుని, మొదటి బోణీ తన చేత్తోనే చెయ్యాలి.

బుధవారం పొద్దున్నా అంతే చేసింది. సెలవు మీద ఊరెళ్లేవాళ్లకు క్లియరెన్సు పత్రం అచ్చువేసే ప్రోగ్రాము అది. కొత్త సర్వరులో తన లాగిన్‌తో, తన ఫోల్డరులోంచే నడిపింది. నమూనా పత్రం ముత్యంలా వచ్చింది. పాత ప్రోగ్రామును ఆపేశారు, ఆఫీసంతా ఖర్జూరాలు పంచింది.

గురువారం మధ్యాహ్నం బుచ్చన్న తలుపు దగ్గర నిలబడ్డాడు. జగిత్యాల వైపు మనిషి, క్యాంపు మెస్సులో వంట చేస్తాడు. మంగ తినకుండా వచ్చిందని తెలిస్తే చాలు, గిన్నెలో ఉప్మా పంపిస్తాడు.

“బిడ్డా, నా కాయిదం వస్తలేదంట గదా?”

“చూస్తున్నా బాబాయ్, కూర్చో.”

“కూసునుడు ఏడిది! అసర్ నమాజు కాంగనే ఏర్పోర్టు బండి ఎల్తది. కాయిదం మీద ఆ గీతల ముద్ర లేకుంటే గేటుకాడ ఇడువరు. రేపు మనవరాలి తొట్టెల. తాత లేకుంట పేరు పెడతరా?”

తెర మీద ‘ఫైలు లేదు’ అని వచ్చింది. నిన్నున్న ఫైలు ఇవాళ ఎటు పోతుంది? మంగ తాను రాసిన వరుసలు మళ్లీ చదువుకుని నాలిక్కరుచుకుంది. పత్రానికి కావలసిన ఫారాలు ‘పక్క ఫోల్డరులో’ ఉన్నాయని మాత్రమే రాసింది. నిన్న నడిపింది తను, పక్క అంటే తన ఇంటి పక్క. ఇవాళ నడిపేది సర్వరు సొంత లాగిన్, గేటు దగ్గర చెల్లే గీతల ముద్ర దానితో నడిపితేనే పడుతుంది. దాని పక్క వేరే వీధి.

పూర్తి చిరునామా రాసి మళ్లీ నడిపింది. ఈసారి ‘అనుమతి లేదు’ అంది. ఇల్లు దొరికింది కానీ తలుపు తియ్యదు. బోణీ వేళ పుట్టిన ఫోల్డరు మంగ పేరు మీదే ఉండిపోయింది మరి. దాన్ని అందరి చోటుకు మార్చి సర్వరు పేరు మీద పెట్టాలంటే అఫ్షాన్ రావాలి. సర్వరు తాళాలన్నీ ఆమెవే. ఆమె ఇప్పుడే నమాజుకు లేచింది.

వ్యాను డ్రైవరు గౌస్ మొహిద్దీన్ తల లోపలికి పెట్టాడు. “ఏమాయె బుచ్చన్నా, పోదామా?”

బుచ్చన్న తెర వైపు వేలు చూపించాడు. మంగ కళ్లలో నీళ్లు చూసి గౌస్ గొంతు తగ్గించాడు. “నేనింకా నమాజు చదవలేదు మేడం. దినాం హడావిడిగ చదువుతా. ఇయ్యాల నిమ్మళంగ, పైన చదివే సున్నత్ నమాజులు గూడ కలిపి చదువుకుంటా. అప్పటిదాంక బండి కదలది.”

“ఓరి గౌసూ, నీ కడుపు సల్లగుండ! నాకోసం గూడ దువా చెయ్యి.”

“నువ్వు పెట్టే దాల్చా కోసమన్న చేస్త గదా!”

అఫ్షాన్ దుపట్టా సర్దుకుంటూ వచ్చింది. సంగతి విని పకపకా నవ్వింది. “మంగా, ముహూర్తం నీకు కాదే, సర్వరుకు పెట్టాలి. బోణీ వాడి చేత చేయించు, నువ్వు పక్కన నిలబడి దణ్ణం పెట్టు.”

“నవ్వింది చాలు, తియ్యవే తల్లీ తలుపు!”

అఫ్షాన్ ఫోల్డరు మార్చింది, పేరు మార్చింది. మంగ కొత్త చిరునామా రాసి చేతులు వెనక్కి కట్టుకుంది. “ఇక నేను ముట్టుకోను. వాణ్ణే నడపమను.”

ప్రింటరు గర్రుమంది. వెచ్చగా వచ్చిన కాయితాన్ని బుచ్చన్న కళ్లకద్దుకున్నాడు. మంగ నెత్తి మీద చెయ్యిపెట్టి, పెట్టె అందుకుని పరుగు తీశాడు. కిటికీలోంచి చూస్తే, నమాజు ముగించిన గౌస్ చాప దులుపుకుంటూ అతని పెట్టె కోసం చెయ్యి చాపుతున్నాడు.

శనివారం మంగ ఫోనుకు ఫొటో వచ్చింది. తొట్టెల పక్కన తాత, ఒళ్లో గుప్పిళ్లు బిగించుకున్న పాప. మంగ ఆ ఫొటో అఫ్షాన్‌కు చూపించి, మళ్లీ ఖర్జూరాలు పంచడానికి లేచింది.