అడగొచ్చా గారు

పాతికేళ్ల కిందట మా ఆఫీసులో ఒక పెద్ద ప్రోగ్రామరు ఉండేవారు. "ఒక మాట అడగొచ్చా?" అని ముందుగా అనుమతి తీసుకోనిదే ఆయన ఎవర్నీ ఏమీ అడగరు. అందుకే ఆయన పేరు 'అడగొచ్చా గారు' అయిపోయింది.

క్షౌరశాలలో కూర్చుని, "ఒక మాట అడగొచ్చా?" అన్నారట.

"అడగండి సార్."

"మీకు జుట్టు కత్తిరించడం వచ్చా?"

ముప్పై ఏళ్లుగా అదే పని చేస్తున్న ఆ మనిషి కత్తెర కింద పెట్టి, "ఇప్పటిదాకా వచ్చనే అనుకున్నాను సార్" అన్నాడట.

ఇంట్లో ఓసారి కాఫీ ఒక గుక్క తాగి, "ఒక మాట అడగొచ్చా?" అన్నారు. భార్య ఏదో చిరాకులో ఉండి "వద్దు" అంది. అంతే, అడగలేదు. చక్కెర బదులు ఉప్పు పడ్డ కాఫీని కప్పు ఖాళీ అయ్యేదాకా తాగేశారు.

ఈ అలవాటు ఆయనకు ఉద్యోగం వల్లే అంటుకుంది. తెర మీది అక్షరాలను చూపులేనివాళ్లకు చదివి వినిపించే ప్రోగ్రాం మాది. కంప్యూటర్‌కి మెదడులాంటి ప్రాసెసర్‌ని నువ్వెవరు, నీకేమేం వచ్చు అని అడిగితే చెబుతుంది. మరీ పాతవాటికి ఆ ప్రశ్నే అర్థం కాదు; అడిగీ అడగ్గానే చతికిలబడతాయి. కాబట్టి అసలు అడగొచ్చో లేదో ముందు తేల్చుకోవాలి. దానికోసం ఆయన ప్రోగ్రాంలో పది వరసల కోడ్ రాసిపెట్టారు.

కొత్తగా చేరిన నేను, అంత పాతవి ఇంకా ఎవరు వాడతారులే అని ఆ పది వరసలూ పీకేశాను.

మార్చిన ప్రోగ్రాం బయటికి పంపిన మూడో రోజు ఒక అంధుల పాఠశాల నుంచి టీచరమ్మ ఫోన్. "మా కంప్యూటర్లన్నీ మూగబోయాయండీ. రేపే పిల్లలకి పరీక్ష!"

"ఎవరు చేశారీ పని?" మేనేజరు హాలంతా వినబడేలా అరిచాడు.

అడగొచ్చా గారు లేచారు. "ఒక మాట అడగొచ్చా?"

"అడగండి!"

"పాత మెషిన్లు ఇంకా వాడుకలో ఉన్నాయని ఈ అమ్మాయికి ఎవరైనా చెప్పారా? చెప్పాల్సింది నేను. చెప్పలేదు. తప్పు నాది."

ఆ పది వరసలూ మళ్లీ పెట్టి, ఇద్దరం పాఠశాలకు పరుగెత్తాం. సాయంత్రానికి కంప్యూటర్లన్నీ గొంతు విప్పాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు.

తిరిగి వస్తూ ఆయన్ని అడిగాను. "అమ్మ మంచాన పడితే ఎనిమిదేళ్లు ఇంట్లోనే ఉండిపోయాను సార్. ఇంటర్వ్యూలో అందరూ ఆ ఎనిమిదేళ్లూ ఏం చేశావని నిలదీశారు. మీరొక్కరే అడగలేదు. ఎందుకని?"

"అడగొచ్చా అన్నానుగా. నువ్వు తల దించుకున్నావు. వద్దన్నట్టే కదమ్మా."

"ఇప్పుడు అడగండి సార్, చెబుతాను" అన్నాను.

"ఇప్పుడెందుకమ్మా? నీకేం వచ్చో చూస్తూనే ఉన్నాంగా!"

నడిరోడ్డు మీద ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం.