పడవ బొమ్మ మానేదాకా

మొదటి దెబ్బకి ప్లాస్టిక్ చప్పుడు వచ్చింది. మా అమ్మాయి కుడి చేతికి, మోచేతి కింద వెనకవైపు, పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి ఉంది. దాని కింద నల్లటి పడవ బొమ్మ. ముందురోజు పక్కూరు విల్లియనూరులో స్నేహితురాలి ఇంటికని చెప్పి వెళ్ళి, టౌన్లోనే ఎక్కడో టాటూ వేయించుకుని వచ్చింది. ఇంటికొచ్చినప్పటి నుంచీ పొడుగు చేతుల చొక్కాలో దాచుకుంది. పొద్దున దోసె తింటుంటే చొక్కా చెయ్యి పైకి జరిగి బొమ్మ నా కంట పడింది.

"ఏందే ఇది? విల్లియనూరికని చెప్పి యాడికి పోయినావు?"

"టాటూనే మా. పదైదు రోజుల్లో మానిపోతుంది."

"పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, కాలేజీలో ఎవతో వేయించుకుంటే నువ్వూ వేయించుకోవాల్నా?"

అది నవ్వింది. ఆ నవ్వేమిటో నాకు అర్థం కాలేదు. అర్థం కాని నవ్వు నాకు మొదట్నుంచీ పడదు. చెంప మీదకి విసిరాను, అది చెయ్యి అడ్డం పెట్టింది, దెబ్బ సరిగ్గా బొమ్మ మీద పడింది. రెండోది చెంపకే తగిలింది.

నా కోపం ఊరికంతా తెలుసు. బజార్లో మాకు జాకెట్టు గుడ్డల అంగడి ఉంది. "అక్కా, మీ దగ్గర బేరం చెయ్యాలంటే హెల్మెట్ పెట్టుకోని రావాల" అని వాడికగా వచ్చే ఆడవాళ్ళే ఎగతాళి చేస్తారు. నేనూ నవ్వేదాన్ని. ఇంట్లో మాత్రం ఆ మాటకి ఎవరూ నవ్వేవాళ్ళు కారు. మా అత్తకి రెండు చేతుల నిండా పచ్చబొట్లే, మణికట్టు నుంచి మోచేతి దాకా. అత్త చేతి మీదుంటే అది ఆచారం, కూతురి చేతి మీదుంటే పొగరు. ఆ పూట నా న్యాయం అదీ.

జుట్టు పట్టుకుని పెరట్లో నీళ్ళ తొట్టి దగ్గరికి ఈడ్చుకెళ్ళాను. ప్లాస్టిక్ పొర పీకేశాను. గిన్నెలు తోమే కొబ్బరి పీచు, బట్టల సబ్బు తీసుకుని తోమడం మొదలుపెట్టాను. కొత్తది కదా, సిరా ఇంకా లోపలికి దిగి ఉండదు, తోమితే పోతుందని నిజంగానే అనుకున్నాను. మాడిన పెనం తోమినట్టు తోమాను. అది అరుస్తూ ఎడమచేత్తో తోస్తుంటే ఆ మణికట్టు పట్టుకుని మెలిపెట్టాను. ముందు నల్లటి నీళ్ళు కారాయి, ఆ తర్వాత ఎర్రటివి. నేను ఆగలేదు.

మా అత్త వచ్చి నా కొప్పు పట్టుకుని వెనక్కి గుంజింది. "ఒసే, బిడ్డను సంపేస్తావా ఏంది? ఇడువు!" నా తల వెళ్ళి గోడకి కొట్టుకుంది. చేతిలో పీచు అలాగే ఉంది. దాని నిండా నల్లగా, ఎర్రగా తొక్కలు. అది చూశాక గానీ నాకు ఒళ్ళు తెలియలేదు.

మూడో రోజుకి జ్వరం వచ్చింది. చెయ్యి వాచి, బొమ్మ మీద పసుపుపచ్చగా చీము పట్టింది. క్లినిక్‌లో డాక్టరమ్మ పుండు చూసింది, కట్టు కట్టిన ఎడమ మణికట్టు చూసింది, తర్వాత నన్ను చూసింది. ఎలా అయిందని అడిగింది. "బండి మీంచి పడినాను" అంది మా అమ్మాయి, నా వైపు చూడకుండా. అబద్ధం చెప్పిందని కొట్టాను, నన్ను అబద్ధం చెప్పే కాపాడింది.

డాక్టరమ్మ జాగ్రత్తలన్నీ నాకే చెప్పింది. రోజుకి రెండుసార్లు గోరువెచ్చటి నీళ్ళతో, వేలి కొసలతో కడగాలి. తుడవకూడదు, అద్దాలి. మందు పల్చగా రాయాలి. పసుపు పెట్టకూడదు, ఎండ తగలకూడదు, సముద్రంలో దిగకూడదు. ఆ పిల్లకి ఎడమచెయ్యి పనికిరాదు, అత్తకి చేతులు వణుకుతాయి, మా ఆయన పొద్దున్నే సేదరపేట్ ఫ్యాక్టరీకి వెళ్ళిపోతారు. కాబట్టి కడగాల్సింది నేనే.

ఆటోలో వస్తూ అది నెమ్మదిగా అంది. "ఇది మానినాక నేను హాస్టల్‌కి పోతా. నాయనకి చెప్పేసినాను." నాకు ఏడుపు రాలేదు, మళ్ళీ కోపమే వచ్చింది. నేను ఎంత బాగా కడిగితే అంత తొందరగా ఇల్లు వదిలి పోతుందన్నమాట. పదిహేను రోజులు నిండేలోపు దాని మనసు మార్చాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను. అది లేని ఇల్లు నేను ఊహించుకోలేను.

ఐదో రోజుకి వాపు దిగింది. కడుగుతుంటే పడవ అడుగు గీత దగ్గర నా వేళ్ళకి గట్టిగా, ఉబ్బెత్తుగా తగిలింది. బెత్తెడు పొడుగు, కొద్దిగా వంపు. అది సూది గీసిన గీత కాదు. అది అట్లకాడ అంచు. ఆ పిల్లకి తొమ్మిదేళ్ళప్పుడు ట్యూషన్ ఎగ్గొట్టి బీచికి వెళ్ళిందని, పొయ్యి మీద అట్లకాడ ఎర్రగా కాల్చి నేను పెట్టిన వాత. వాత పెడతానని ప్రతి తల్లీ బెదిరిస్తుంది. నేను పెట్టాను. మా అత్త పరిగెత్తుకొచ్చి గిన్నెడు దోసె పిండి దాని మీద కుమ్మరించింది. అదంతా నేను మర్చిపోయాను. ఆ పిల్లకి మర్చిపోయే వీలు లేదు, చెయ్యి ఎప్పుడూ దాని వెంటే ఉంటుంది కదా.

"దీని మీద ఎందుకు వేయించుకున్నావే?" అన్నాను.

"అందరూ ఏందిది, ఏందిది అని అడిగేది. పెనం తగిలిందని చెప్పి చెప్పి పోదుం, ఇంక చాలు అనిపించింది మా. పడవైతే ఎవురూ అడగరు."

నక్క వాత మాటకి ఆ రోజు అది ఎందుకు నవ్విందో అప్పుడు తెలిసింది. "తప్పయిపోయిందే" అన్నాను, దాని మొహం చూసే ధైర్యం లేక నీళ్ళ చెంబు వైపు చూస్తూ.

"నీళ్ళు చల్లారిపోతాయి. కడుగు" అంది.

ఇంత జరిగాక నాకు బుద్ధి వచ్చి ఉంటుందని మీరు అనుకోవచ్చు. ఎనిమిదో రోజు పొక్కులు ఊడుతున్నాయి. వాటిని పీకితే కింద సిరా కూడా వచ్చేస్తుందట. అది ఫోన్ చూసుకుంటూ గోటితో ఒక పొక్కు పీకుతోంది. వద్దని రెండుసార్లు చెప్పాను. మూడోసారి నోటికంటే ముందు చెయ్యి లేచింది. లేచిన చేతిని ఎక్కడ దించాలో తెలియక గోడకేసి గుద్దాను. కణుపులు చిట్లి రక్తం వచ్చింది. అది తలెత్తి చూసి, మందు ట్యూబు నా వైపు జరిపి, మళ్ళీ ఫోన్ చూసుకుంది.

పన్నెండో రోజుకి దాదాపు మానిపోయింది. వాత ఉన్నచోట సిరా సరిగ్గా పట్టలేదు, పడవ అడుగు మసకగా ఉంది. కానీ దురద. చెయ్యి విదిలిస్తూ ఇల్లంతా తిరిగి, చివరికి వచ్చి నా పక్కన కూర్చుంది. హాస్టల్ మాట ఎత్తక నాలుగు రోజులైంది. మనసు మారిందేమోనని నాకు లోలోపల ఆశగా ఉంది.

"తట్టుకోలేకుండా ఉండాను మా. గోకితే పాడైపోతుంది. పైన మెల్లగా కొట్టొచ్చని టాటూ వేసినామె చెప్పింది. నాకు ఎడమచెయ్యి ఇంకా నొస్తుంది. నువ్వు కొట్టు."

రెండు వేళ్ళు ఎత్తాను. ఈగ వాలినంత మెల్లగా వేశాను.

దాని కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి. మెడ భుజాల్లోకి దిగిపోయింది. కట్టు ఉన్న ఎడమచెయ్యి లేచి చెంపకి అడ్డం వచ్చింది. తను అడిగిన దెబ్బే, నా వేళ్ళు పడింది చేతి మీదే. అయినా అది చెంప కాచుకుంది. కళ్ళు తెరిచి, తనే తప్పు చేసినట్టు మొహం పెట్టి, "నొప్పేం లేదు మా, కొట్టు, పరవాలేదు" అని నన్ను ఓదార్చింది.

నేను లేచి అటక మీద నుంచి పెద్ద పెట్టె దించాను. దుమ్ము తుడిచి దాని ముందు పెట్టాను.

"ఇంకా మూడు రోజులెందుకు? రేపే పో హాస్టల్‌కి. నేనే వచ్చి చేర్చిపెడతా."

"కోపమా మా?"

"కాదే. భయం."

ఎవర్ని చూసి అని అది అడగలేదు. లేచి బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది.