గోదాంలో రంగుల కాగితాలు

జనగామలో మా కిరాణం దుకాణం వెనకే మా ఇల్లు. ముందు గది దుకాణం, మధ్య గది గోదాం, దాని వెనక మేం ఉండే గదులు. వంటింట్లోంచి గల్లా దగ్గరికి రావాలంటే బియ్యం బస్తాలు, బెల్లం దిమ్మలు దాటుకుంటూ రావాలి. పెళ్లయి వచ్చిన కొత్తలో ఇల్లు ఎక్కడ అయిపోతుందో, దుకాణం ఎక్కడ మొదలవుతుందో నాకు తెలిసేది కాదు. ఇన్నేళ్లయినా తెలియలేదు. తెలుసుకోవాలన్న కోరిక కూడా ఇప్పుడు లేదు.

మా ఇంట్లో ఎవరూ ఊరికే కూర్చోరు. ఇది నియమమని ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు. మా అత్తమ్మ మోకాళ్ల నొప్పులతో ఎక్కువ నడవలేకపోయినా ఆమె చేతిలో పత్తి ఉంటుంది. టీవీ చూస్తూ వత్తులు చేస్తుంది. ఆ వత్తుల్ని కవర్లలో పోసి దుకాణంలో వేలాడదీస్తాం, సాయంత్రానికి అమ్ముడుపోతాయి. ఆమె విశ్రాంతికి కూడా గిరాకి ఉందన్నమాట. కోడలిగా వచ్చాక ఆ విద్య నాకూ పట్టుబడింది. సరుకుల చిట్టీ చదవడం, సామాను తీయించడం, పసుపు కుంకుమలు పొట్లాలు కట్టడం అన్నీ నా చేతులు నన్ను అడక్కుండానే చేసుకుపోతుంటాయి.

నేను పుట్టింది మానుకోటలో. అక్కడ మా నాయినదీ దుకాణమే, అక్కడా ఇదే తీరు. కురవి జాతరొచ్చిందంటే ఊళ్లో పిల్లలంతా వీరభద్రుడి దగ్గరికి బండ్లు కట్టుకుని పోయేవాళ్లు. మా చెల్లెలూ నేనూ పసుపు రాశి ముందు కూర్చుని పొట్లాలు కట్టేవాళ్లం. చిన్నప్పుడు రంగు అంటే నాకు తెలిసింది వేళ్లకు అంటుకుని వదలని ఆ పసుపే.

పోయిన ఎండాకాలం, పెళ్లిళ్ల సీజన్లో, నాకు గుండె దడ మొదలైంది. ఆ రోజు ఊళ్లో వారం అంగడి. దుకాణం ముందు మనిషి మీద మనిషి. ఎవరిదో పెళ్లి సామాను చిట్టీ గట్టిగా చదువుతున్నదాన్ని, చదువుతూ చదువుతూ ఆగిపోయాను. గుండె గొంతులోకి వచ్చి కొట్టుకుంటోంది. చేతులు చల్లబడ్డాయి. ఎదురుగా సామాను తీసి పెడుతున్న పనాయన తర్వాతేందక్కా అని అడుగుతున్నాడు, నాకు అక్షరాలు కనిపిస్తున్నాయి గానీ నోట్లోకి రావడం లేదు. మా ఆయన నేను పొద్దున ఏమీ తినలేదనుకుని చక్కెర నీళ్లు కలిపి ఇచ్చాడు, నా చేతిలో చిట్టీ తీసుకుని తనే చదివాడు. ఆ తర్వాత వారంలో మళ్లీ వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడు వస్తుందోనన్న భయమే ఒక జబ్బయింది.

ఊళ్లోనే ఉన్న డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి గుండెకేం కాలేదన్నారు. అంతా టెన్షనే అన్నారు. అరగోలీ రాసిచ్చి, రోజూ ఒక అరగంట ఒక్కదాన్నే కూర్చుని పని కానిది ఏదైనా చేసుకోమన్నారు. అంటే ఎట్లాంటిది సార్ అని మా ఆయన అడిగాడు. ఆమెకు ఇష్టమైంది ఏదైనా అన్నారు డాక్టరు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మా ఇద్దరికీ ఒక్కటీ తట్టలేదు.

ఆ సాయంత్రం భూపాలపల్లిలో ఉన్న మా చెల్లెలికి ఫోన్ చేశాను. అది అక్కడ ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతుంది. నా కథ విని ముందు నవ్వింది, తర్వాత నా ఫోన్‌కి బొమ్మలు పంపింది. గీతలు మాత్రమే ఉన్న పువ్వులు, నెమళ్లు, ఆవులు, ముగ్గుల్లాంటి చక్రాలు. బడిలో పిల్లల గోలకు తల పగిలిపోయిన రోజు ఇంటికొచ్చి అది కూడా వీటికి రంగులేసుకుంటుందట. ప్రింటు తీయించుకో, రంగు పెన్సిళ్లు కొనుక్కో, నోరు మూసుకుని కూర్చో అంది. నాకు చిన్నతనంగా అనిపించింది. అయినా జిరాక్సు దుకాణానికి పోయి కొన్ని కాగితాలు తీయించుకున్నాను.

మొదటి రోజు గోదాంలో, బెల్లం దిమ్మల వెనక, బోర్లించిన నూనె డబ్బా మీద కూర్చున్నాను. బియ్యం బస్తానే బల్ల. బయట తూకాల చప్పుడు, బేరాలు, మా ఆయన కేకలు. ఆ రోజూ అంగడే. నేను ఒక పువ్వుకు ఎర్ర రంగు వేయడం మొదలుపెట్టాను. ఒక రేకు అయ్యాక ఇంకో రేకు. గీత దాటకుండా చూసుకోవడం తప్ప వేరే బాధ్యత లేదు. పక్క రేకుకు నీలం వేస్తే నన్ను అడిగేవాడు లేడు. కొంతసేపటికి నా ఊపిరి నాకే వినిపించింది. బయట గోల తగ్గలేదు, కానీ దానికీ నాకూ మధ్య ఏదో తెర పడినట్టయింది. నేను లేచేసరికి నా చేతులు వెచ్చగా ఉన్నాయి. చాలా సంతోషం కలిగింది, ఎవరికీ చెప్పలేదు.

దాచాలనుకుంటే మా ఇంట్లో ఏదీ దాగదు. నాలుగైదు రోజులకు అత్తమ్మ కర్ర పట్టుకుని గోదాంలోకి వచ్చి, నేను రంగులేసిన కాగితాన్ని చేతిలోకి తీసుకుంది. ముందు చూసింది, వెనక్కి తిప్పి చూసింది.

"గిది దేనికి పనికొస్తది బిడ్డా?"

"దేనికీ రాదు అత్తమ్మా," అన్నాను.

ఆమె కోపంగా ఏమీ అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నా జవాబు విన్నాక నా వైపు చూసిన చూపులో జాలి ఉంది. డాక్టరు చెప్పిండని గుర్తుచేశాను. ఆ మాటతో ఆమె మనసు కుదుటపడింది. మందు కింద లెక్కేసుకుని కాగితం నా చేతిలో పెట్టి పోయింది. అలా కొన్నాళ్లు నా అరగంట మందు పేరుతో బతికింది.

బతుకమ్మ పండుగ ముందర దుకాణం ఎలా ఉంటుందో మా బజారు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం పొట్లాలకు కాగితం అయిపోయింది. మా ఆయన గోదాంలోకి వచ్చి అటక మీద చేయి పెట్టాడు. నేను రంగులేసి దాచుకున్న కాగితాలు ఆయన చేతికందాయి. నేను వంటింట్లోంచి వచ్చేసరికి ఒకావిడ దుకాణం మెట్లు దిగుతోంది. ఆమె చేతిలో కుంకుమ పొట్లం. పొట్లం మీద నా నెమలి మెడ.

ఎందుకు తీసినవని అడిగాను. ఆయన ఆశ్చర్యపోయాడు. రంగేసి అయిపోయినవే తీసిన, ఖాళీవి ముట్టలేదన్నాడు. ఆ మాట నిజమే. ఖాళీ కాగితాలు ఎక్కడివక్కడ, అంచులు సర్ది మరీ పెట్టాడు. వాటితో ఇంకా పని ఉందనీ, పూర్తయినవాటితో ఇక పని లేదనీ ఆయనకు అంత సహజంగా తోచింది. ఏడుపొచ్చింది. గిరాకి నిలబడి ఉంది కాబట్టి ఏడవలేదు.

ఆ ఖాళీ కాగితాలకు పని కూడా ఆ వారంలోనే దొరికింది. తరిగొప్పుల అవతలి తండా నుంచి ఒకామె ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది. ఆమె చిట్టీ చెబుతుంటే పిల్లలు పల్లీల బస్తాలో చేతులు పెడుతున్నారు, చక్కెర నాకుతున్నారు. ఆమె వాళ్లింటి భాషలో వాళ్లను కోప్పడుతోంది, ఇటు తిరిగి మాకు తెలుగులో సామాను చెబుతోంది, సగం మరిచిపోతోంది. మా ఆయన నన్ను పిలిచి, జర ఆ కాగితాలు ఈ పిల్లలకియ్యి అన్నాడు. ఇచ్చాను. గోదాంలో కూర్చోబెట్టాను. పిల్ల తన కాగితంలోని ఆవుకు మొత్తం ఎర్ర రంగు వేసింది, కొమ్ములతో సహా. నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, తల ఎత్తకుండా, తమ్ముడు పిలిచినా పలక్కుండా వేసింది. ఆ పిల్లను చూసి నాకు అసూయ కలిగింది. నిజంగానే కలిగింది.

బయట వాళ్లమ్మ స్థిమితంగా నిలబడి, మరిచిపోయినవన్నీ గుర్తు చేసుకుని, వద్దనుకున్నవి కూడా తీసుకుంది. మా ఆయన చూశాడు. చూస్తే ఊరుకునే మనిషి కాదు. మర్నాడు జిరాక్సు దుకాణం నుంచి ఒక కట్ట కాగితాలు తెప్పించాడు. గోదాంలో బస్తాలు ఒక పక్కకు జరిపించి చాప వేయించాడు. నేను కూర్చునే నూనె డబ్బా తీసేసి, ఆ చోటే ఆ చాప.

తర్వాత మాట పాకింది. ఆ దుకాణంలో పిల్లల్ని కూర్చోబెడతారట అని చెప్పుకున్నారు. చిల్పూరు గుట్ట మీద వేంకటేశ్వరుణ్ణి చూసుకుని తిరిగొచ్చేవాళ్లు కూడా మా దగ్గర ఆగడం మొదలుపెట్టారు. పిల్లలకు పెన్సిళ్లు చెక్కడం, పచ్చ రంగు కోసం కొట్టుకుంటే విడిపించడం, ఒకణ్ణి బాత్రూముకు తీసుకుపోవడం, ఇంకొకడి ముక్కు తుడవడం అన్నీ నావే. అంగడి రోజు కళ్లు తిరిగేవి. అత్తమ్మ గోదాం గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుని, వత్తులు చేస్తూ, చాప మీది పిల్లల్ని చూసి ఎంతో తృప్తిపడింది. ఇప్పుడు పనికొచ్చింది అంది.

ఒక రోజు ధైర్యం చేసి మా ఆయనతో, నాకు ఒక్కదానికే అరగంట కావాలె అన్నాను. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. నువ్వు రంగులేసే జాగకే పిల్లల్ని పంపుతున్న కదా, వాళ్లతోపాటు నువ్వూ వేసుకో, ఎవరొద్దన్నరు అన్నాడు. నా మీద ప్రేమతోనే అన్నాడు. అదే నన్ను ఎక్కువ మండించింది. కాగితం పట్టుకుని డాబా మీదికి పోయి చూశాను. నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుని ఒక పువ్వు సగం చేశానో లేదో, కింద నుంచి అత్తమ్మ పిలుపు వినిపించింది. పిల్లలొచ్చారట.

చెల్లెలికి ఫోన్ చేసి మొత్తం చెప్పుకున్నాను. అది ఈసారి నవ్వలేదు.

"నీకు రంగులు కాదక్కా, గోదాంకు లోపలి దిక్కు గొళ్లెం గావాలె," అంది.

పోయి చూశాను. మా గోదాం తలుపుకు బయట రెండు గొళ్లేలు, ఒక పెద్ద తాళం ఉన్నాయి. లోపలి వైపు ఒక మేకు కూడా లేదు. లోపలుండి తలుపేసుకునే అవసరం ఎవరికైనా వస్తుందని ఆ తలుపు చేసిన వడ్లాయన అనుకోలేదు. చెల్లెలు నాలుగు రోజులు భూపాలపల్లికి రమ్మంది. దసరా అయ్యాక చూద్దామన్నాను. దసరా తర్వాత పెళ్లిళ్లు వచ్చాయి. దడ కూడా వస్తూనే ఉంది. పిల్లలు చాప మీద ఉన్నప్పుడు వస్తే గోడకు ఆనుకుని నిలబడేదాన్ని. ఎవరికీ చెప్పేదాన్ని కాదు. చెబితే చక్కెర నీళ్లు ఇస్తారు.

డాక్టరు మళ్లీ రమ్మన్న రోజు వచ్చింది. గది నిండా జనం, పిల్లల ఏడుపులు. మా వంతు వచ్చి లోపలికి పోయాక, రంగులేస్తున్నారా అమ్మా అని డాక్టరు నన్నే అడిగారు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నాడు. రోజూ ఏస్తది సార్, ఆమెతోని మా దుకాణానికే పేరొచ్చింది అన్నాడు. ఫోన్ తీసి చాప మీది పిల్లల ఫోటోలు చూపించాడు. ఒక ఫోటోలో నేను కూడా ఉన్నాను, వంగి ఎవరిదో పెన్సిల్ చెక్కుతూ. డాక్టరు చాలా మెచ్చుకున్నారు. ఇక్కడ కూడా పిల్లలు ఆగరు, బయట గదిలో పెడదాం, మాకూ కొన్ని పంపండి అన్నారు. మా ఆయన ముఖం వెలిగిపోయింది. రేపే పంపుత సార్ అన్నాడు.

"సార్, నాకు దడ తగ్గలేదు," అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు. మాట మధ్యలో అడ్డం వచ్చినదాన్ని చూసినట్టు చూశారు. డాక్టరు గొట్టం పెట్టి విన్నారు, అరగోలీని నిండు గోలీ చేశారు. రంగులు మాత్రం మానకండి, అది మంచి అలవాటు అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు బండి వెనక కూర్చున్నాను. స్టేషన్ రోడ్డు మీద ఆయన తల కొంచెం వెనక్కి తిప్పి, దవాఖానకు ఏ బొమ్మలు పంపుదాం అని అడిగాడు. నాకు తెలిసినంత ఆయనకు తెలియదట.

"నాకు దడ తగ్గలేదు," అన్నాను మళ్లీ.

"గోలీ పెంచిండు గదా, తగ్గుతది. బొమ్మలు చెప్పు."

పువ్వులు పంపమని చెప్పాను.